ఎన్ని అంగుళాలు, ఎంత నమ్మకం: అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ మంచు సూచనలపై సమీక్ష

అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు పెద్ద మంచు తుఫాను రాబోతున్నదన్న మాట పుట్టిన వెంటనే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులు రంగురంగుల పటాలతో నిండిపోతాయి. తుఫానుకు వారం ముందే ఏదో ఒక కంప్యూటర్ మోడల్ ఒక పూట గీసిన పటంలో న్యూజెర్సీ మీద ముదురు ఊదా రంగు కనిపిస్తే చాలు, ఆ పటం ఎవరిదో, ఆరు గంటల తరువాత అదే మోడల్ ఏమన్నదో ఎవరూ అడగరు. అందరూ పాలకూ రొట్టెలకూ మంచు కరిగించే ఉప్పు బస్తాలకూ బయలుదేరుతారు. ఈ సందడిలో ప్రకటనలు లేని, చందా అడగని, రూపంలో కాస్త పాతబడిన ఒక ప్రభుత్వ వెబ్‌సైటు వెనుకబడిపోతుంది. అది నేషనల్ వెదర్ సర్వీస్ నడిపే వెదర్ డాట్ గవ్. శీతకాలపు తుఫానుల విషయంలో ఆ సంస్థ అందించే హెచ్చరికలనూ, హిమపాతం పటాలనూ, సంభావ్యతల పట్టికలనూ, తుఫాను వెళ్ళిపోయాక వెలువరించే లెక్కలనూ ఒక వినియోగదారుగా పరిశీలించి రాస్తున్న సమీక్ష ఇది. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: మంచు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడే సేవ మరొకటి నాకు కనిపించలేదు, కాని ఆ నిజాయితీని సంస్థ ముంగిట్లో పెట్టకుండా పెరట్లో దాచుకుంటోంది.

సంస్థ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 1870లో సైన్యం చేతి కింద మొదలైన వాతావరణ విభాగం అనేక మార్పుల తరువాత నేటి నేషనల్ వెదర్ సర్వీస్‌గా నిలిచింది. దేశమంతటా 122 స్థానిక కార్యాలయాలు ఉన్నాయి, ఒక్కొక్కటి తన పరిధిలోని కౌంటీలకు, అంటే జిల్లాల వంటి విభాగాలకు, తానే సూచన తయారు చేస్తుంది. మీ ఊరి పేరో జిప్ కోడో ఇస్తే వచ్చే సూచన ఊరంతటికీ కలిపి ఇచ్చినది కాదు; అది సుమారు రెండున్నర కిలోమీటర్ల చదరపు గడికి సంబంధించినది. మన ఫోన్లలోని ప్రైవేటు యాప్‌లు, టీవీ చానళ్ళు చెప్పే సంగతులలో కూడా అధిక భాగానికి పునాది ఈ సంస్థ రాడార్లూ, బెలూన్లూ, దాని మాతృసంస్థ నోవా ఉపగ్రహాలూ ఇచ్చే సమాచారమే. తుఫానులకు పేర్లు పెట్టే అలవాటు మాత్రం ఈ సంస్థది కాదు. 2012 నుంచి ఆ పేర్లు పెడుతున్నది వెదర్ చానల్ అనే ప్రైవేటు సంస్థ; ప్రభుత్వ హెచ్చరికలలో ఆ పేర్లు కనిపించవు, కనిపించకపోవడమే మేలని నా ఉద్దేశం.

హెచ్చరికల పద్ధతి ఒకసారి అర్థం చేసుకుంటే సులువైనదే. తీవ్రమైన మంచు పడే అవకాశం కనీసం సగం ఉన్నదనిపించినప్పుడు, సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందు, వాచ్ ఇస్తారు. ఆ నమ్మకం 80 శాతానికి చేరినప్పుడు అది వార్నింగ్ అవుతుంది. ఇబ్బంది కలిగించేదే గాని ప్రాణాపాయం తెచ్చేంతటిది కాదనుకున్నప్పుడు అడ్వైజరీతో సరిపెడతారు. బ్లిజార్డ్ వార్నింగ్ విషయంలో చాలామంది పొరబడతారు, ఎందుకంటే దాని నిర్వచనంలో అంగుళాల ప్రస్తావన లేదు: గంటకు 35 మైళ్ళు లేదా అంతకు మించిన గాలులు, పావు మైలు కంటే తక్కువకు పడిపోయిన చూపు, ఈ రెండూ కనీసం మూడు గంటల పాటు కొనసాగడం, ఇవే షరతులు. ఆకాశం నుంచి ఒక్క రేకు రాలకపోయినా, నేల మీద ఇదివరకే ఉన్న మంచును గాలి లేపితే అది బ్లిజార్డే. ఇరవై అంగుళాలు ప్రశాంతంగా కురిసి వెళ్ళిపోయిన తుఫానుకు ఆ పేరు చెల్లదు.

మంచు వార్నింగ్‌కు కావలసిన అంగుళాలు దేశమంతటా ఒకటి కాకపోవడం ఈ సేవలోని మంచి లక్షణాలలో ఒకటి. ఉత్తరాన చాలా చోట్ల 12 గంటలలో ఆరు అంగుళాలో, 24 గంటలలో ఎనిమిది అంగుళాలో పడితే గాని వార్నింగ్ రాదు. దక్షిణాదిలో రెండు అంగుళాలకే రావచ్చు. ఇది దక్షిణాది వారి సుకుమారం వల్ల ఏర్పడిన తేడా కాదు. 2014 జనవరి 28న అట్లాంటా విమానాశ్రయంలో కొలిచిన మంచు కేవలం 2.6 అంగుళాలు. అయినా బడులూ కార్యాలయాలూ ఒక్కసారే వదలడంతో, ఉప్పు పడని రోడ్లు గడ్డకట్టి, వేలాది మంది రాత్రంతా కార్లలోనే చిక్కుకుపోయారు, పిల్లలు బడులలోనే నిద్రపోయారు. 2025 జనవరి 21న మెక్సికో సింధుశాఖ తీరాన న్యూ ఓర్లీన్స్ విమానాశ్రయంలో ఎనిమిది అంగుళాలు పడ్డాయి, ఫ్లోరిడాలోని మిల్టన్‌లో 9.8 అంగుళాలతో ఆ రాష్ట్రపు పాత రికార్డు రెట్టింపు దాటింది, లూసియానాలోని లేక్ చార్ల్స్ కార్యాలయం తన చరిత్రలో మొదటిసారి బ్లిజార్డ్ వార్నింగ్ జారీ చేసింది. అదే ఎనిమిది అంగుళాలు, ఏడాదికి సగటున 120 అంగుళాలకు పైగా మంచు చూసే ఉత్తరాది నగరం సిరక్యూస్‌లో పడితే మరునాటి ఉదయం బస్సులు వేళకే నడుస్తాయి. అంకె ఒక్కటే అయినా, దానిని మోయవలసిన ఊరు వేరు అన్న సంగతిని హెచ్చరికలలోనే ఇమిడ్చిన సేవను మెచ్చుకోవాలి.

ఇక అందరూ వెతికే హిమపాతం పటం దగ్గరికి వస్తాను. స్థానిక కార్యాలయాల శీతకాలపు పేజీలలో మూడు పటాలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది సంస్థ ఆశిస్తున్న అంగుళాలను చూపుతుంది. రెండవది కనిష్ఠ పక్షం: పదిలో తొమ్మిది వంతుల అవకాశంతో కనీసం ఇంత పడుతుందని అర్థం. మూడవది గరిష్ఠ పక్షం: ఇంతకు మించి పడే అవకాశం పదిలో ఒక వంతు మాత్రమేనని అర్థం. వీటి కింద ఊరి వారీగా ఒక పట్టిక ఉంటుంది. నాలుగు అంగుళాలు దాటే అవకాశం ఎంత, ఎనిమిది దాటే అవకాశం ఎంత, పన్నెండు దాటే అవకాశం ఎంత అని శాతాలలో చెబుతుంది. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైనది ఈ పట్టికే. ఎనిమిది అంగుళాలు ఆశిస్తున్నామని చెప్పే రెండు సూచనలు పైకి ఒకేలా కనిపించవచ్చు, కాని ఒకదాని కనిష్ఠం ఆరు, గరిష్ఠం పది అయి, మరొకదాని కనిష్ఠం ఒకటి, గరిష్ఠం పద్దెనిమిది అయితే, ఆ రెండు ఉదయాలకూ చేసుకోవలసిన ఏర్పాట్లు వేరు. మొదటిదానిలో పార చేతికందేలా పెట్టుకుంటే చాలు; రెండవదానిలో విమానం టికెట్టు మార్చుకోవాలా వద్దా అన్నది నిజమైన ప్రశ్న.

ఈ మూడు పటాల పద్ధతికి ఊపునిచ్చిన అనుభవాలలో 2015 జనవరి తుఫాను ముఖ్యమైనది. ఆ నెల 26న న్యూయార్క్ నగరానికి 20 నుంచి 30 అంగుళాలు పడవచ్చన్న బ్లిజార్డ్ వార్నింగ్ అమలులో ఉంది. మంచు భయంతో సబ్‌వే రైళ్ళను ఆపివేయడం నగర చరిత్రలో అదే మొదటిసారి. తెల్లవారేసరికి సెంట్రల్ పార్కులో కొలిచినది 9.8 అంగుళాలు. తుఫాను రాలేదని కాదు. అది వచ్చింది, కాని దాని పడమటి అంచు అనుకున్నదానికంటే కొన్ని పదుల మైళ్ళు తూర్పుకు జరిగింది. లాంగ్ ఐలండ్ తూర్పు భాగంలో రెండు అడుగులు పడ్డాయి, మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడ్డాయి. సంస్థ ఎక్కువగా నమ్మినది యూరోపియన్ మోడల్‌ను, ఆ రోజుకు న్యూయార్క్ విషయంలో నిజానికి దగ్గరగా ఉన్నది తక్కువ అంకెలు చూపిన అమెరికన్ మోడల్. న్యూజెర్సీలోని మౌంట్ హోలీ కార్యాలయానికి అప్పటి అధిపతి గ్యారీ షట్‌కౌస్కీ ఆ రాత్రే ట్విట్టర్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పటి సంస్థ డైరెక్టర్ లూయీ ఉచెల్లీని, సూచనలోని అనిశ్చితిని ప్రజలకు మరింత బాగా తెలియజెప్పవలసి ఉందని ఒప్పుకున్నారు. నాకు ఆ క్షమాపణ కంటే ఈ ఒప్పుకోలే ముఖ్యంగా తోచింది, ఎందుకంటే కొన్ని పదుల మైళ్ళ తప్పిదం ఆ స్థాయి తుఫానుకు శాస్త్రం దృష్టిలో పెద్దది కాదు. ఆ తప్పిదం సాధ్యమేనని ముందు రోజు స్పష్టంగా చెప్పకపోవడమే పెద్దది.

రెండేళ్ళ తరువాత జరిగినది ఇంతకంటే ఆలోచించదగినది. 2017 మార్చి 14 తుఫాను విషయంలో తీరప్రాంతపు అంకెలు తగ్గబోతున్నాయని, మంచుకు బదులు సన్నని మంచు గుళికలూ వానా కలవబోతున్నాయని ముందు రోజు మధ్యాహ్నానికే సంస్థలోని నిపుణులకు తెలిసింది. అయినా చివరి నిమిషంలో సూచన మారిస్తే ప్రజలు తికమకపడి ప్రమాదాన్ని తేలికగా తీసుకుంటారన్న జంకుతో బ్లిజార్డ్ వార్నింగ్‌ను అలాగే కొనసాగించారని తరువాత పత్రికలలో వచ్చింది, సంస్థ కూడా కాదనలేదు. సెంట్రల్ పార్కులో పడినది 7.6 అంగుళాలు, అదే తుఫాను లోపలి భాగాన బింగమ్టన్ వైపు రెండున్నర అడుగులకు పైగా కురిసింది. ఆ నిర్ణయం వెనుక సదుద్దేశం ఉన్నదని ఒప్పుకుంటూనే దానిని నేను తప్పుపడతాను. పన్ను కట్టే పౌరుడికి తికమక వస్తుందని భయపడి తెలిసిన సంగతిని ఆపుకున్న సేవను, తరువాతి తుఫానుకు గట్టిగా చెప్పినప్పుడు ఎవరు నమ్మాలి? కనిష్ఠ, గరిష్ఠ పటాలు నేడు బహిరంగంగా ఉన్నందువల్ల అటువంటి దాపరికానికి అవకాశం బాగా తగ్గింది.

ఎంత ముందుగా ఎంత చెప్పాలన్న విషయంలో కూడా ఈ సంస్థ పాటించే సంయమనం నాకు నచ్చుతుంది. మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ నుంచి పనిచేసే వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ నాలుగు నుంచి ఏడు రోజుల ముందు వెలువరించే శీతకాలపు పటంలో అంగుళాల హిమపాతం ఉండదు. కరిగితే పావు అంగుళం నీరు వచ్చేంత మంచు లేదా మంచు గుళికలు పడే అవకాశం ఎంత శాతమో మాత్రమే ఉంటుంది. మంచు అంగుళాలు మూడు రోజుల లోపుకు వచ్చాకనే కనిపిస్తాయి. వారం ముందే పదహారున్నర అంగుళాలని చెప్పే యాప్‌లతో పోలిస్తే ఇది చప్పగా ఉండవచ్చు. అయితే 1993 మార్చిలో అలబామా నుంచి మెయిన్ వరకు మంచు కప్పేసిన మహా తుఫానును ఈ సంస్థే అయిదు రోజుల ముందు గుర్తించి, రెండు రోజుల ముందు హెచ్చరించింది. చెప్పగలిగినప్పుడు చెప్పే సత్తా ఉన్నవారు చెప్పలేనప్పుడు ఆగుతున్నారు.

వాట్సాప్‌లో తిరిగే పటాలకూ వీటికీ ఉన్న తేడా ఇక్కడే చెప్పాలి. ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అన్న మోటు లెక్కతో గీసిన పటాలు బయట విరివిగా దొరుకుతాయి. నిజానికి తీరం వెంబడి పడే తడి మంచులో ఆ నిష్పత్తి అయిదుకు పడిపోవచ్చు, చలి తీవ్రంగా ఉన్న చోట ఇరవై దాటవచ్చు, సరస్సుల పక్కన పడే దూది మంచులో ముప్ఫైకి కూడా చేరవచ్చు. పైగా అటువంటి పటాలలో కొన్ని, గుళికలుగా పడేదానిని కూడా మంచు ఖాతాలోనే వేస్తాయి. తూర్పు తీరం పొడవునా సాగే ఐ-95 రహదారి వెంట, ఒక్క డిగ్రీ తేడాతో మంచు వానగా మారే సన్నని గీత ఎటు జరుగుతుందో తేలక అందరూ ఎదురుచూసే చోట, ఈ తప్పు ఇంతింత కాదు. స్థానిక కార్యాలయపు పటంలో ఈ నిష్పత్తిని ప్రతి తుఫానుకూ నిపుణుడు సరిచూస్తాడు.

ఈ సేవకు అసలు పరీక్ష మహా సరస్సుల పక్కన జరుగుతుంది. కెనడా నుంచి వచ్చే చలిగాలి ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా వీచినప్పుడు, నీటి ఉపరితలానికీ సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులోని గాలికీ మధ్య 13 సెల్సియస్ డిగ్రీలకు మించిన తేడా ఉంటే, గాలి కింది నుంచి వేడెక్కి, తేమ పట్టి, లేచి, అవతలి ఒడ్డున మంచుగా కురుస్తుంది. గాలి సరస్సు పొడవునా వీస్తే ఆ మేఘాలన్నీ ఒకే పట్టీగా బిగుసుకుంటాయి. ఎరీ సరస్సు నైరుతి నుంచి ఈశాన్యానికి పొడవుగా పరచుకొని ఉండటం, ఆ చివర బఫెలో నగరం ఉండటం ఆ నగరపు జాతకం. పట్టీ వెడల్పు కొన్ని మైళ్ళే. గాలి దిశ కొన్ని డిగ్రీలు తిరిగితే పట్టీ మొత్తం ఒక శివారు నుంచి మరో శివారుకు జరుగుతుంది. 2014 నవంబరులో బఫెలో దక్షిణ శివార్లలో అయిదు అడుగులకు మించి పడితే, అక్కడి నుంచి కొద్ది మైళ్ళ ఉత్తరాన కొన్ని అంగుళాలతో సరిపోయింది. ఒకవైపు ఎండ కాస్తుండగా ఎదుట తెల్లని గోడ నిలబడినట్లున్న ఛాయాచిత్రాలు ఆ తుఫానువే. 2022 నవంబరులో అవే శివార్లలోని హ్యాంబర్గ్‌లో 81 అంగుళాలు, ఆర్చర్డ్ పార్కులో 80 అంగుళాలు పడి, అక్కడ జరగవలసిన బఫెలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటను డెట్రాయిట్‌కు మార్చవలసి వచ్చింది.

ఇటువంటి చోట కౌంటీ మొత్తానికి ఒకే హెచ్చరిక ఇచ్చే పద్ధతి సరిపోదు, ఇది ఈ సేవలో నాకు కనిపించిన నిజమైన నిర్మాణ లోపం. బఫెలో ఉన్న ఎరీ కౌంటీని ఉత్తర, దక్షిణ మండలాలుగా విడదీసి హెచ్చరికలు ఇస్తున్న మాట నిజమే, వార్నింగ్ వచనంలో ఎక్కువ మంచు ఏ ఊళ్ళ మీద పడుతుందో పేర్లతో రాస్తున్న మాట కూడా నిజమే. అయినా ఫోనులో మోగే హెచ్చరిక మండలమంతటికీ ఒకటే, టీవీలో కనిపించే రంగు ఒకటే. ఆరు అడుగుల ఊరికీ ఆరు అంగుళాల ఊరికీ ఒకే రంగు పూసినప్పుడు, రెండవ ఊరివారు మరుసటి ఏడు ఆ రంగును పట్టించుకోరు. రెండున్నర కిలోమీటర్ల గడికి సూచన లెక్కగట్టగలిగిన సంస్థ హెచ్చరికను మాత్రం మండలపు హద్దులలో బంధించి ఉంచడం వింతగా ఉంటుంది. సుడిగాలులకు బహుభుజి ఆకారంలో హెచ్చరికలు ఎప్పటినుంచో ఇస్తున్నారు. రహదారుల మీద ఉన్నట్టుండి విరుచుకుపడే మంచు జల్లులకు కూడా 2018 నుంచి అటువంటి స్నో స్క్వాల్ వార్నింగులు దేశమంతటా వస్తున్నాయి, అరగంట నుంచి గంట వ్యవధికి, సరిగ్గా ముప్పున్న రోడ్డు భాగానికి. 2022 మార్చి 28న పెన్సిల్వేనియాలో ఐ-81 రహదారి మీద పదుల కొద్దీ వాహనాలు ఒకదానినొకటి ఢీకొన్న ప్రమాదానికి ముందు కూడా అటువంటి వార్నింగ్ జారీ అయింది. హెచ్చరిక ఫోను దాకా చేరినా యాక్సిలరేటర్ మీది కాలు దాకా చేరడం మరో సంగతి.

2022 డిసెంబరు బఫెలో బ్లిజార్డ్ ఈ మాటనే మరింత కఠినంగా చెబుతుంది. తరానికి ఒకసారి వచ్చే తుఫాను అని కార్యాలయం రోజుల ముందే చెప్పింది, చెప్పినట్లే వచ్చింది. విమానాశ్రయంలో బ్లిజార్డ్ పరిస్థితులు 37 గంటలు ఆగకుండా సాగాయి, 51.9 అంగుళాలు పడ్డాయి. కౌంటీలో వాహనాల నిషేధం మాత్రం తుఫాను తాకిన శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు, చాలామంది పనులకు బయలుదేరాక, అమలులోకి వచ్చింది. కార్లలో, వీధులలో, వేడి లేని ఇళ్ళలో 40 మందికి పైగా మరణించారు. సూచనగా చూస్తే ఇది సంస్థ చేసిన మంచి పనులలో ఒకటి, కాబట్టి ఆ ప్రాణనష్టాన్ని ఈ సమీక్షలో దాని ఖాతాలో వేయలేను.

అంకెలను పక్కన పెట్టి ప్రభావాన్ని చూపే వింటర్ స్టార్మ్ సివియారిటీ ఇండెక్స్ అనే పటం కూడా ఉంది. మంచు పరిమాణం, దాని బరువు, గాలికి ఎగిరే మంచు, గడ్డకట్టిన వాన వంటి వాటిని విడివిడిగా లెక్కించి స్వల్పం నుంచి అత్యంత తీవ్రం వరకు తరగతులుగా చూపుతుంది. తడి మంచు బరువుకు కొమ్మలు విరిగి కరెంటు పోతుందా, పొడి మంచు గాలికి లేచి దారి కనబడకుండా పోతుందా అన్నది తెలుసుకోవడానికి పనికివస్తుంది. బాగుంది, అంతకు మించి చెప్పవలసినది లేదు.

చెప్పవలసినది ఏరియా ఫోర్‌కాస్ట్ డిస్కషన్ గురించి. ప్రతి కార్యాలయమూ రోజుకు కొన్నిసార్లు ప్రచురించే ఈ వచనంలో విధులలో ఉన్న వాతావరణ నిపుణుడు తన ఆలోచనను తన మాటలలోనే రాస్తాడు: ఏ మోడల్ ఏమంటున్నది, దేనిని ఎందుకు నమ్మడం లేదు, రేపటి బెలూన్ కొలతలు వస్తే ఏది తేలవచ్చు, ఏ ఊరికి సూచన తప్పే అవకాశం ఎక్కువ. 2016 వరకు సంస్థ సూచనలన్నీ పెద్ద అక్షరాలలోనే వచ్చేవి, చదువుతుంటే ఎవరో అరుస్తున్నట్లుండేది. ఇప్పుడు మామూలుగా రాస్తున్నారు. పరిభాష బరువుగా ఉంటుంది, సంక్షిప్తాలు విసిగిస్తాయి, మొదటి కొన్ని సార్లు సగమే అర్థమవుతుంది. అయినా ఒక ప్రభుత్వ ఉద్యోగి తెల్లవారుజామున నాలుగు గంటలకు తన సందేహాలను సంతకం పెట్టి ప్రజల ముందు ఉంచే వ్యవస్థ ఎంత అరుదో ఆలోచించండి. చందా కట్టించుకునే యాప్ ఏదీ తన అంకె వెనుక ఉన్న తర్జనభర్జనను ఇలా చూపదు. విచారకరమైనది ఏమిటంటే, ఈ వచనానికి వెళ్ళే లింకు సూచన పేజీ అడుగున, కళ్ళు చికిలించి వెతికితే గాని కనిపించని చోట ఉంటుంది.

తుఫాను వెళ్ళిపోయాక వచ్చే లెక్కలు కూడా సేవలో భాగమే. మంచును కొలవడం చూసినంత సులువు కాదు. తెల్లని పలక మీద అంగుళంలో పదో వంతు వరకు కొలవాలి, ఆరు గంటలకు ఒకసారి కంటే తరచుగా తుడవకూడదు, ఎందుకంటే ప్రతి గంటా తుడిచి కూడితే మంచు అణగడానికి వీలు లేక మొత్తం పెరిగిపోతుంది. 2016 జనవరి తుఫానులో ఈ తతంగమంతా రచ్చకెక్కింది. సెంట్రల్ పార్కులో మొదట 26.8 అంగుళాలని ప్రకటించారు, 2006 నాటి రికార్డుకు అది పదో వంతు తక్కువ. మూడు నెలల విచారణ తరువాత కొలిచినవారికీ సంస్థకూ మధ్య సమాచారం అందడంలో పొరపాటు జరిగిందని తేల్చి 27.5గా సరిదిద్దారు, రికార్డు మారింది. న్యూఆర్క్ విమానాశ్రయపు 28.1 అంగుళాలను చెల్లదని కొట్టివేశారు. వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయంలోనైతే కొలత పలకే మంచులో కూరుకుపోయి దొరకలేదు. ఈ సంగతులన్నింటినీ నివేదికగా బయటపెట్టడం సంస్థ పట్ల నా గౌరవాన్ని పెంచింది. మీకు ఆసక్తి ఉంటే కోకోరాస్ అనే స్వచ్ఛంద పరిశీలకుల బృందంలో చేరి మీ పెరటి కొలతను మీరే పంపవచ్చు. ఆ అంకెలను కార్యాలయాలు నిజంగా వాడుకుంటాయి.

మాతృసంస్థ నోవా తయారు చేసే రీజనల్ స్నోఫాల్ ఇండెక్స్ ఈ సేవలన్నింటిలో తక్కువమందికి తెలిసినదీ, ప్రాంతాల మధ్య పోలికకు ఎక్కువ పనికివచ్చేదీ. వాతావరణ శాస్త్రజ్ఞులు పాల్ కోసిన్, లూయీ ఉచెల్లీని ఇద్దరూ ఈశాన్యపు తుఫానుల కోసం రూపొందించిన పాత సూచీలో 1993 మహా తుఫాను 13.20తో మొదటి స్థానంలో ఉంది. కొత్త సూచీ రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న ఆరు ప్రాంతాలకు వేరువేరు కొలబద్దలు పెట్టింది: ఈశాన్యంలో 4, 10, 20, 30 అంగుళాల హద్దులు, ఆగ్నేయంలో 2, 5, 10, 15. ఆ హద్దులు దాటిన మంచు ఎంత విస్తీర్ణంలో పడిందో, అక్కడ ఎంత జనాభా ఉందో కలిపి, 1 నుంచి 5 వరకు తరగతి ఇస్తుంది. 2016 జనవరి తుఫాను పాత సూచీలో నాలుగో తరగతి. కొత్త దానిలో ఈశాన్య ప్రాంతానికి 20 దాటి అయిదో తరగతి. 1900 నుంచి వచ్చిన వందలాది తుఫానులు ఈ పట్టికలో ఉన్నాయి, కాబట్టి "ఇంత మంచు ఎన్నడూ చూడలేదు" అనే పొరుగువారి మాట ఎంతవరకు నిజమో కూర్చున్న చోటే తేల్చుకోవచ్చు. అయితే ఇది గాలినీ, గడ్డకట్టిన వాననూ, చలినీ లెక్కలోకి తీసుకోదు. పైన చెప్పిన 2022 డిసెంబరు వంటి తుఫాను భయానకతను దీనితో కొలవబోతే నిరాశే.

చిన్న లోపాలు చాలా ఉన్నాయి. అధికారిక మొబైల్ యాప్ లేదు. పేజీల అమరిక కార్యాలయానికి ఒక రకంగా ఉంటుంది. హెచ్చరికలను ఇంగ్లీషుతో పాటు స్పానిష్, చైనీస్, వియత్నామీ వంటి కొన్ని భాషలలో ఇచ్చే ప్రయత్నం ఉంది గాని, పిల్లల దగ్గరికి చలికాలంలో వచ్చిన మన అమ్మానాన్నలకు పనికివచ్చేలా తెలుగులో ఏదీ లేదు. వీటన్నింటికంటే నన్ను కలవరపెట్టేది 2025లో సిబ్బంది కొరత వల్ల దేశం నడుమ మైదానాలలోని ఒమాహా, ర్యాపిడ్ సిటీ వంటి చోట్ల బెలూన్లు ఎగరవేయడం ఆపవలసి రావడం. తూర్పు తీరాన రేపు పడబోయే మంచు నిన్న మైదానాల మీద పై గాలిలో రూపు దిద్దుకొంటుంది; అక్కడి కొలత తగ్గితే ఇక్కడి కనిష్ఠ గరిష్ఠాల మధ్య దూరం పెరుగుతుంది.

అయిదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఒక నక్షత్రం తగ్గించినది మండలాల వారీ హెచ్చరికలకూ, ఆశించిన అంకె పక్కనే కనిష్ఠ గరిష్ఠాలను మొదటి పేజీలో చూపనందుకూ. వాడదలచినవారు ముందుగా తమది ఏ కార్యాలయమో చూసుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలోనే ఇది తికమకపెడుతుంది: జెర్సీ సిటీ, న్యూఆర్క్‌లు లాంగ్ ఐలండ్‌లోని అప్టన్ కార్యాలయం కిందికి వస్తే, ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ మౌంట్ హోలీ కిందికి వస్తుంది. ఎడిసన్‌లో ఉంటూ న్యూయార్క్ నగరపు పేజీ తెరిచి చూసేవారు పక్క కార్యాలయం రాసిన సూచనను చదువుతున్నారన్నమాట.